బెంగళూరు వచ్చాక ముఖం పొట్టు లేస్తోంది: అయిదు నిమిషాల్లో అయ్యే పద్ధతి ఏదైనా చెప్పండి

నీలాంబరి_రాత్రిపాట · జనవరి 11, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. భీమవరం నుంచి ఇక్కడికి వచ్చి అయిదు నెలలైంది. మారతహళ్ళి దగ్గర పీజీలో ఉంటున్నాను, వయసు 26. ఊళ్ళో ఉన్నప్పుడు నా ముఖం మీద పెనం లేకుండానే అట్టు వేయవచ్చని తమ్ముడు వెక్కిరించేవాడు, అంత జిడ్డు. ఇక్కడ నోటి చుట్టూ, ముక్కు పక్కన పొట్టు లేస్తోంది, నుదురు మాత్రం ఇప్పటికీ జిడ్డే. గడ్డం దగ్గర మొటిమలు. నవ్వితే చర్మం బిగుసుకుంటోంది. మూడు రోజులుగా ఉత్త నీళ్ళు తగిలినా మంట.

వాడుతున్నవి చెబుతాను, తిట్టకండి. వేపాకు ఫేస్‌వాష్ రోజుకు మూడుసార్లు. వారానికి మూడుసార్లు అక్రోటు పొడి స్క్రబ్. టోనర్. పొద్దున్న విటమిన్ సీ సీరమ్, రాత్రి 10 శాతం నియాసినమైడ్. ఆదివారం నాడు ఎర్రగా రక్తంలా ఉండే పీలింగ్ ద్రావణం, పది నిమిషాలు. ఆ పైన నైట్ క్రీమ్. అన్నీ కలిపి 4,300 రూపాయలు. అమ్మకు 1,800 అని చెప్పాను.

ఆరున్నరకు క్యాబ్ వస్తుంది. అంతకుముందు నా చేతిలో ఉండేది అయిదు నిమిషాలు. ఏం చేయమంటారు?

పాతచెప్పులు · జనవరి 11, రాత్రి 11:41

ఇది ముఖానికి పద్ధతిలా లేదు, పెళ్ళివంట పట్టీలా ఉంది. సన్‌స్క్రీన్ పేరు కనబడలేదు. మరచిపోయారా, అసలు లేదా?

నీలాంబరి_రాత్రిపాట · జనవరి 11, రాత్రి 11:44

లేదు. ఇక్కడ చలిగా ఉంది కదా అని.

కావేరి_పైపు · జనవరి 12, ఉదయం 7:05

పీజీలో వచ్చేది కావేరి నీళ్ళా, బోరు నీళ్ళా? ముందు అది చెప్పండి. కె.ఆర్.పురంలో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను. ఈ ఊరికి కొత్తగా వచ్చిన ప్రతి తెలుగువాడూ మొదటి ఏడాది రెండు ఫిర్యాదులు చేస్తాడు, జుట్టు ఊడుతోందని, ఒళ్ళు పొడిబారుతోందని. రెండింటికీ నీళ్ళనే తిడతాడు. సగం నిజం, సగం కాదు.

కావేరి నీటిని దాదాపు వంద కిలోమీటర్ల అవతల తొరెకాడనహళ్ళి నుంచి ఈ ఎత్తుకు తోడి తెస్తారు. నగరంలో కలిసిన 110 ఊళ్ళ కోసం అయిదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. అయినా మన వైపు పీజీలు చాలావరకు బోరు మీదనో ట్యాంకరు మీదనో నడుస్తాయి. ట్యాంకరులో వచ్చేదీ ఎక్కువగా ఎవరి బోరు నీళ్ళో. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. తాగే నీటికి మన దేశపు ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. స్నానానికి వచ్చే బోరు నీటిని ఎవరూ కొలవరు.

బడిలో చదువుకున్నదే ఇది. కఠిన జలంలో సబ్బు నురగ రాదు, కాల్షియంతో కలిసి తెట్టుగా మారుతుంది. బకెట్టు అంచున తెల్లగా పేరుకునేది ఆ తెట్టే. అదే మీ ముఖం మీద కూడా మిగులుతుంది. కడిగాక జారుడుగా, ఏదో అంటుకున్నట్టుగా అనిపించి మళ్ళీ రుద్దుతారు. అక్కడ చెడుతుంది.

ఒక సంగతి ముందే చెబుతున్నాను. షవరుకు తగిలించే ఫిల్టరు కొనకండి. నేను కొన్నాను. అలాంటివి ఎక్కువగా క్లోరిన్ వాసన తగ్గిస్తాయి, కాఠిన్యం తీయవు. కాఠిన్యం తీయాలంటే రెజిన్, ఉప్పు ఉండే పెద్ద యంత్రం కావాలి, అది భవనం యజమాని పెట్టించాలి. ఆయన మన ఫోను ఎత్తడు. నేను చేసేది ఇంతే, అంతా అయ్యాక ఒక చెంబు తాగే నీళ్ళతో చివరిసారి ముఖం కడుక్కుంటాను.

మందులకొట్టు_మేనల్లుడు · జనవరి 12, ఉదయం 9:30

నేను ఫార్మసీ చదివాను, మామయ్య మందుల కొట్లో కూర్చుంటాను. డాక్టరును కాను, ఆ మేరకే నమ్మండి.

నీలాంబరి గారూ, ఉత్త నీళ్ళకే మంట పుడుతోందంటే చర్మం పై పొర దెబ్బతిన్నదని అర్థం. ఆ పొర ఇటుకల గోడ లాంటిది, ఇటుకల మధ్య సున్నంలా కొవ్వు పదార్థాలు ఉంటాయి. మీరు మూడు పూటలా ఆ సున్నాన్ని కడిగేస్తున్నారు, వారానికి మూడుసార్లు అక్రోటు పొడితో గీకుతున్నారు, ఆదివారం ఆమ్లం పోస్తున్నారు. గోడ నిలబడడమే గొప్ప.

ఈ రోజు నుంచి అన్నీ ఆపండి. ఆ 4,300 రూపాయల సరుకును ఒక అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించండి. రాత్రి ఇంటికి వచ్చాక ఒక్కసారి, సబ్బు కాని, వాసన లేని క్లెన్సర్‌తో ముఖం కడగండి. ఆరోగ్యంగా ఉన్న చర్మం పీహెచ్ అయిదుకు కాస్త అటూఇటూ, అంటే కొద్దిగా ఆమ్లం వైపు ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ తొమ్మిది, పది. సబ్బు కాని క్లెన్సర్‌తో ఆ బాధ తక్కువ, కావేరి_పైపు గారు చెప్పిన తెట్టు కూడా దానితో కట్టదు. డబ్బా మీద వేపాకు బొమ్మ ఉన్నంత మాత్రాన అది మృదువైనదని కాదు. పొద్దున్న మీకు ఉత్త నీళ్ళు చాలు.

కడిగాక తువ్వాలుతో రుద్దకండి, అద్దండి. చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. గ్లిజరిన్, సెరమైడ్‌లు ఉన్నది ఏదైనా సరే, ఖరీదు ఎక్కువైతే గుణం ఎక్కువని లేదు. రాత్రి పొట్టు లేచే చోట మాత్రం పెట్రోలియం జెల్లీ పలచగా. పొద్దున్న మాయిశ్చరైజర్ మీద సన్‌స్క్రీన్. ఇంతే. కనీసం మూడు వారాలు ఇంకేమీ వద్దు.

టోనర్ గురించి అడుగుతారేమో, అది మీకు అక్కర లేదు. విటమిన్ సీ ఏ రంగులో ఉంది?

నీలాంబరి_రాత్రిపాట · జనవరి 12, మధ్యాహ్నం 1:15

ఫిల్టరు కాఫీ రంగులో ఉంది. బోరు నీళ్ళే, పీజీ అన్నను అడిగాను.

మందులకొట్టు_మేనల్లుడు · జనవరి 12, మధ్యాహ్నం 1:22

అయితే అది చెడిపోయింది. గాలి, వెలుతురు తగిలి అలా మారుతుంది. పారేయండి, అటక కూడా వద్దు.

మల్లేశ్వరం_పిన్ని · జనవరి 12, సాయంత్రం 4:50

అమ్మాయీ, ఇంత రసాయన శాస్త్రం ఎందుకు తల్లీ? నా వయసు 63. నేను ముఖానికి సబ్బు పెట్టి నలభై ఏళ్ళైంది. ఏటా సంక్రాంతి ముందు సున్నిపిండి పట్టిస్తాను. పెసలు కిలో, శనగలు పావు కిలో, గుప్పెడు బియ్యం, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్ళు, ఎండిన గులాబీ రేకులు, నారింజ తొక్కలు. నీడన ఆరబెట్టి మర పట్టించడమే. ఒక డబ్బా నీకు ఇస్తాను, మల్లేశ్వరం వైపు వచ్చినప్పుడు పట్టుకుపో. పదో నంబరు క్రాసులో కాఫీ కూడా ఇప్పిస్తాను.

మందులకొట్టు_మేనల్లుడు · జనవరి 12, సాయంత్రం 5:35

పిన్నిగారూ, కాఫీకి నేనూ వస్తాను. సున్నిపిండి మీద నాకు కోపం లేదు, ఒంటికి చక్కగా పనికివస్తుంది. పొట్టు లేస్తున్న ముఖం మీద మాత్రం రుద్దవద్దు, మర పట్టిన పిండి ఎంత మెత్తగా ఉన్నా గరుకే.

ఇంకో మాట, బావంచాలు ముఖానికి వద్దు. వాటిలో సొరాలెన్ అనే పదార్థం ఉంది. ఎండ తగిలినప్పుడు అది చర్మాన్ని కమిలిస్తుంది. బొల్లి వైద్యంలో దాన్ని వాడేది అందుకే, రాసి కొలత ప్రకారం వెలుగు చూపిస్తారు. సున్నిపిండి రాసుకుని కడుక్కుంటే చాలామందికి ఏమీ కాకపోవచ్చు. సున్నితమైన చర్మంతో ఎండలోకి వెళ్ళేవారికి మాత్రం నేను చెప్పను.

మల్లేశ్వరం_పిన్ని · జనవరి 12, సాయంత్రం 6:10

మా అమ్మమ్మ కూడా వేసేది. ఆవిడకు ఏమీ కాలేదు.

రాజాజీనగర్_రవ్వట్టు · జనవరి 12, రాత్రి 8:00

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఇప్పుడు సీరమ్‌ల మీద బకూచియోల్ అని పెద్ద అక్షరాలతో వస్తోంది చూడండి, రెటినాల్‌కు బదులని. అది తీసేది బావంచాల గింజల నుంచే! హిందీలో వాటి పేరు బాకుచీ. పిన్నిగారి అమ్మమ్మ డబ్బాలోని సరుకు ఇప్పుడు ముప్పై మిల్లీలీటర్ల సీసాలో చేరి వందల రూపాయలు పలుకుతోంది.

మందులకొట్టు_మేనల్లుడు · జనవరి 12, రాత్రి 8:20

నిజమే. సీసాలోకి సొరాలెన్ తీసేసి శుద్ధి చేసిన బకూచియోల్ వస్తుంది, గింజ పొడిలో రెండూ కలిసే ఉంటాయి. తేడా అక్కడే.

మల్లేశ్వరం_పిన్ని · జనవరి 12, రాత్రి 9:02

సరే, వచ్చే ఏడాది బావంచాలు తీసేస్తాను. కచ్చూరాలు మాత్రం ముట్టుకోనివ్వను.

పాతచెప్పులు · జనవరి 12, రాత్రి 9:15

సబ్బును ఇంతమంది తిడుతున్నారు, 1916 నుంచి సబ్బు చేస్తున్న ఊరు ఇది. శాండల్ సోప్ ఫ్యాక్టరీ పేరుతో మెట్రో స్టేషనే ఉంది. నేను ఒంటికి అదే వాడతాను, ముఖానికి కూడా అదే తగులుతుంది. నా ముఖానికి ఇంతవరకు ఏ ఫిర్యాదూ లేదు.

కావేరి_పైపు · జనవరి 12, రాత్రి 9:31

ఫిర్యాదు మీ ముఖం చేయదు, చూసేవాళ్ళు చేయాలి.

ఏసీ_కింద_అప్పారావు · జనవరి 14, ఉదయం 10:12

సంక్రాంతి శుభాకాంక్షలు. నాకొక సందేహం. పొద్దున్న ఏడుకు ఆఫీసులో దూరతాను, రాత్రి ఏడుకు బయటపడతాను. రోజంతా ఏసీ, అద్దాల భవనం. పైగా ఇది చల్లని ఊరు. నాకు సన్‌స్క్రీన్ ఎందుకు? అమ్ముకునేవాళ్ళ భయపెట్టుడు కాదా?

కబ్బన్‌పార్కు_గొడుగు · జనవరి 14, ఉదయం 11:40

అమ్ముకునేవాళ్ళు భయపెడతారు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ చలికీ దీనికీ సంబంధం లేదు. చర్మానికి చురుక్కుమనిపించేది వేడి, చెడుపు చేసేది అతినీలలోహిత కిరణాలు. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆ కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి. అంటే చెన్నైలో చెమట కారుస్తూ గొడుగు పట్టే మనిషికంటే ఇక్కడ చల్లగాలికి మురిసిపోతూ గొడుగు లేకుండా నడిచే మనిషే వాటిని ఎక్కువ తింటాడు. పదేళ్ళు పొద్దున్నే నడకకు వెళ్ళి, ఎండెక్కాక తిరిగి వచ్చేదాన్ని. నా ఎడమ చెంప మీద మచ్చలు చూసి ఈ మాట చెబుతున్నాను.

ఆ కిరణాల్లో యూవీ-బీ రకాన్ని కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది. యూవీ-ఏ రకం అద్దంలోంచి వస్తుంది. నల్లబడడంలో, ముడతల్లో దానికి పెద్ద వాటా. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ అంకె యూవీ-బీ గురించి చెబుతుంది, 30 అయితే దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. అంకె కోసం కొట్టుకోనక్కర లేదు. పీఏ పక్కన ఉండే కూడిక గుర్తులు యూవీ-ఏ గురించి, అవి మూడో నాలుగో ఉన్నవి చూసుకోండి.

మీ బల్ల కిటికీకి దూరంగా ఉంటే, చీకట్లో వెళ్ళి చీకట్లో వస్తుంటే, మానేయండి అప్పారావు గారూ. మిమ్మల్ని ఎవరూ అరెస్టు చేయరు.

ఏసీ_కింద_అప్పారావు · జనవరి 14, మధ్యాహ్నం 12:05

కిటికీ పక్కనే. తూర్పు వైపు.

నీలాంబరి_రాత్రిపాట · జనవరి 16, రాత్రి 10:30

ఒకటి కొన్నాను. రాస్తే శ్మశానంలోంచి లేచి వచ్చినట్టు ఉన్నాను. క్యాబులో పక్కన కూర్చున్న ఆవిడ జ్వరమా అని అడిగింది. ఎంత రాయాలి అసలు?

కబ్బన్‌పార్కు_గొడుగు · జనవరి 16, రాత్రి 10:52

చూపుడు వేలు, మధ్య వేలు చాపి, వాటి పొడవునా రెండు చారలు. ముఖానికి, మెడకు కలిపి అంత. ఒక్కసారే పులమకుండా రెండు విడతలుగా రాసుకుంటే తెల్లదనం తక్కువ కనిపిస్తుంది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి మన ఛాయ మీద తెల్లగా తేలతాయి. మంట తగ్గేదాకా వాటినే భరించండి, సున్నితమైన చర్మానికి అవే మేలు. తర్వాత జెల్ రకానికి మారవచ్చు. ఆరుబయట ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి.

లెక్క ఒకటి చెబుతాను. సరిగ్గా రాస్తే 50 గ్రాముల ట్యూబు రెండు నెలలు కూడా రాదు. మీ ట్యూబు ఆరు నెలలు వస్తోందంటే మీరు రాయడం లేదు, ముఖానికి చూపించి మూత పెడుతున్నారు.

మల్లేశ్వరం_పిన్ని · జనవరి 17, ఉదయం 8:15

మా కోడలికి రెండో కాన్పు తరువాత మంగు వచ్చింది, రెండు బుగ్గల మీద. పాలిస్తోంది. దానికి ఏమైనా ఉందా బాబూ?

మందులకొట్టు_మేనల్లుడు · జనవరి 17, ఉదయం 9:10

ఉంది పిన్నిగారూ, కానీ ఎండ నుంచి కాపాడకుండా ఏది రాసినా తవ్వి పూడ్చినట్టే. మంగుకు మామూలు వెలుతురు కూడా చేటు చేస్తుంది. అందుకని ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ ఆమెకు మంచిది. గొడుగు సరేసరి. రెటినాల్, ట్రెటినాయిన్ లాంటి రెటినాయిడ్‌లు గర్భిణులు వాడకూడదు. పాలిచ్చేవాళ్ళు ఏ మందైనా డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

నీలాంబరి_రాత్రిపాట · ఫిబ్రవరి 6, రాత్రి 9:40

మూడున్నర వారాల నివేదిక. మంట పదో రోజుకే పోయింది. పొట్టు చాలావరకు తగ్గింది. చివర ఒక చెంబు తాగే నీళ్ళు పోసుకుంటుంటే పీజీ అన్న నన్ను ఒకలా చూస్తున్నాడు, కానీ మానలేదు. నుదుటి మీద, గడ్డం మీద మొటిమలు ఉన్నాయి.

వచ్చే నెల మా కజిన్ పెళ్ళి. గదిలో ఉండే అమ్మాయి ఒక ట్యూబు ఇచ్చింది, వారంలో ముఖం పాలలా అవుతుందట. దాని మీద హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ అని ఉంది. ఆమె రెండేళ్ళుగా వాడుతోంది, నిజంగానే మెరుస్తోంది. పదిహేను రోజులు వాడితే ఏమవుతుంది?

మంగళగిరి_మరమగ్గం · ఫిబ్రవరి 6, రాత్రి 10:25

నీలాంబరీ, ఆ ట్యూబు ముట్టుకోకు. నేను సాధారణంగా చదివి ఊరుకునే మనిషిని, దీనికోసమే ఖాతాలోకి వచ్చాను.

నేనూ ఒక పెళ్ళి కోసమే మొదలుపెట్టాను, నా పెళ్ళికే. పక్కింటి ఆవిడ చెప్పింది, కొట్లో అడిగితే చీటీ లేకుండానే ఇచ్చారు. ఎనిమిదో రోజుకు ముఖం తేటపడింది. మొటిమలు మాయం, నునుపు, తెలుపు. పెళ్ళి ఫోటోల్లో చాలా బాగున్నాను, ఇప్పటికీ చూసుకుంటాను. తర్వాత ఆపితే రెండో రోజే ముఖం ఎర్రగా కాలిపోయింది. మళ్ళీ రాస్తే తగ్గింది. అలా పద్నాలుగు నెలలు. ఆపలేను, రాసినా మునుపటిలా ఉండదు. బుగ్గల మీద సన్నని ఎర్ర నరాలు తేలాయి. పై పెదవి మీద, చెంపల మీద వెంట్రుకలు. పొయ్యి దగ్గర నిలబడితే ముఖం మండిపోయేది. వంట మానేశాను, అత్తగారు బద్ధకం అనుకుంది.

చివరికి చర్మ వైద్యురాలి దగ్గరకు వెళితే దానికొక పేరే ఉందని తెలిసింది, స్టెరాయిడ్ వల్ల చెడిన ముఖమట. చర్మ వైద్యుల జాతీయ సంఘం దీని మీద ప్రత్యేకంగా ఒక కార్యదళాన్నే పెట్టింది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ మీదే అమ్మాలని షెడ్యూలు మార్చింది. అయినా నీ గదిలోకి ట్యూబు వచ్చిందిగా. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్, ఈ నాలుగు స్టెరాయిడ్ల పేర్లు ఫోనులో రాసి పెట్టుకో. డాక్టరు చూసి ఇన్ని రోజులని చెప్పి రాస్తే వేరు. పక్కింటావిడ చెబితే వేరు.

నా ముఖం మామూలు కావడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల్లో ఒక్క ఫోటో లేదు.

నీలాంబరి_రాత్రిపాట · ఫిబ్రవరి 6, రాత్రి 10:40

ట్యూబు తిరిగి ఇచ్చేశాను. మీరు రాసింది ఆ అమ్మాయికి చదివి వినిపించాను. లైటు తీసేసి అటు తిరిగి పడుకుంది.

మంగళగిరి_మరమగ్గం · ఫిబ్రవరి 6, రాత్రి 10:47

ఆమె ఒక్కసారిగా ఆపకూడదు, అలా ఆపితే నాకైనట్టే అవుతుంది. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళు. ఖర్చు అంటే శివాజీనగర్ బౌరింగ్ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది, ప్రభుత్వానిది. వరుసలో నిలబడాలి, నిలబడవచ్చు.

నిర్వాహకుడు · ఫిబ్రవరి 7, ఉదయం 7:30

మంగళగిరి_మరమగ్గం గారు తన అనుభవం రాసిన సందేశాన్ని పైన గుచ్చి ఉంచాం. ముఖం తెల్లబడే క్రీముల పేర్లు అడుగుతూ వచ్చిన మూడు సందేశాలు తొలగించాం. బ్రాండు పెట్టె లేకుండా, విదేశీ లిపితో, చేర్చిన పదార్థాల వివరం లేకుండా అమ్మే తెల్లబరిచే క్రీముల్లో పాదరసం దొరికిన ఉదంతాలు చాలా ఉన్నాయి, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇక్కడ వాటి ప్రచారం కుదరదు.

సిల్క్‌బోర్డు_హెల్మెట్ · ఫిబ్రవరి 9, రాత్రి 8:50

మగవాళ్ళ గోడు కూడా వినండి. రోజుకు రెండున్నర గంటలు హెల్మెట్‌లోనే. సరిగ్గా పట్టీ తగిలే చోట, నుదుటి మీద మొటిమలు.

మందులకొట్టు_మేనల్లుడు · ఫిబ్రవరి 9, రాత్రి 9:20

ఒరిపిడి, చెమట, వేడి కలిస్తే అలాగే వస్తాయి. లోపల పలచని నూలు టోపీ పెట్టుకుని రోజూ ఉతకండి. హెల్మెట్ లోపలి మెత్తలు ఊడివస్తే వాటినీ ఉతకండి. చివరిసారి ఎప్పుడు ఉతికారో ఇక్కడ రాయనక్కర లేదు.

నీలాంబరి గారూ, మీ నుదుటి మొటిమలకు ఒక ప్రశ్న. తలకు నూనె పెట్టుకుని పడుకుంటారా?

నీలాంబరి_రాత్రిపాట · ఫిబ్రవరి 9, రాత్రి 9:28

వారానికి రెండుసార్లు. కొబ్బరినూనె, అమ్మ పంపుతుంది. రాత్రంతా ఉంచి పొద్దున్న తలస్నానం.

మందులకొట్టు_మేనల్లుడు · ఫిబ్రవరి 9, రాత్రి 9:45

అదే అయ్యుండవచ్చు. నూనె నుదుటి మీదకు, దిండు మీదకు దిగుతుంది, రంధ్రాలు పూడుకుంటాయి. తలస్నానానికి గంట ముందు పెట్టుకుని, జుట్టు వెనక్కు కట్టండి. దిండు గలీబు వారానికి రెండుసార్లు మార్చండి.

గడ్డం దగ్గరివి దీనితో పోకపోవచ్చు. చర్మం నెమ్మదించింది కాబట్టి ఇప్పుడు ఒక్క మందు, ఒకే ఒక్కటి మొదలుపెట్టవచ్చు. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్. ఎక్కువ శాతం ఉన్నది ఎక్కువ పని చేయదు, ఎక్కువ మండుతుంది. ముందు చెవి వెనుక రెండు రోజులు రాసి చూడండి. తర్వాత రాత్రి విడిచి రాత్రి, పలచగా. ఫలితానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా అద్దం ముందు లెక్కలు వేయకండి. రంగు బట్టలకు తగిలితే రంగు పోతుంది. మా చెల్లెలి మెరూన్ తువ్వాలు ఇప్పుడు చిరుతపులిలా ఉంది.

నెలసరికి ముందు గడ్డం మీద పెద్దవి వస్తున్నా, నెలసరి తప్పుతున్నా జెల్‌తో కాలం గడపకండి, డాక్టరుకు చూపించుకోండి.

మల్లేశ్వరం_పిన్ని · ఫిబ్రవరి 10, ఉదయం 6:40

బావంచాలు పోయాయి. ఇప్పుడు కొబ్బరినూనె కూడానా?

మందులకొట్టు_మేనల్లుడు · ఫిబ్రవరి 10, ఉదయం 7:00

తలకు వద్దనలేదు పిన్నిగారూ, నుదుటికి వద్దన్నాను.

తిరువాన్మియూరు_తీరం · మార్చి 15, మధ్యాహ్నం 2:20

చెన్నై నుంచి. ఈ చర్చ మొత్తం చదివాను. మాకు ఇక్కడ పొట్టు లేదు, చెమటే. మాయిశ్చరైజర్ రాస్తే పది నిమిషాల్లో గడ్డం నుంచి కారిపోతోంది. సన్‌స్క్రీన్ కళ్ళలోకి దిగి ఏడుస్తూ రైలు ఎక్కుతున్నాను, ఎవరో ఓదార్చారు కూడా.

కబ్బన్‌పార్కు_గొడుగు · మార్చి 15, మధ్యాహ్నం 3:05

మీకు పొద్దున్న మాయిశ్చరైజర్ మానేయండి, జెల్ రకం సన్‌స్క్రీన్ ఒక్కటే చాలు. నీటికి ఓర్చేదని రాసి ఉన్నది తీసుకోండి. కనుబొమ్మల పైన వేలు వెడల్పు వదిలేసి అక్కడ టోపీకి పని చెప్పండి. చెమట తుడవకండి, చేతిరుమాలుతో అద్దండి.

నీలాంబరి_రాత్రిపాట · ఏప్రిల్ 24, రాత్రి 9:55

ఈ రోజు ఇక్కడ నీడలేని రోజు. మధ్యాహ్నం ఆఫీసువాళ్ళం మేడ మీదకు వెళ్ళి నిలబెట్టిన నీళ్ళ సీసా చుట్టూ మూగాం. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు, నీడ సీసా కిందకు దూరిపోయింది. సన్‌స్క్రీన్ రాసుకునే వెళ్ళాను. అందరిలో నేనొక్కదాన్నే గొడుగు తీసుకువెళ్ళి నీడ చెడగొట్టానని తిట్టారు.

ముఖం సంగతి. గడ్డం మీద నెలకు రెండు మూడు వస్తున్నాయి, పోతున్నాయి. నుదురు శుభ్రం. పాత మచ్చలు ఉన్నాయి, మెల్లగా పలచబడుతున్నాయి. పొద్దున్న నాలుగు నిమిషాలు, రాత్రి మూడు. గదిలో అమ్మాయి బౌరింగ్‌కు రెండుసార్లు వచ్చింది నాతో. ఏప్రిల్ మొదట్లో ముఖం బాగా ఎర్రబడి ఆఫీసు మానేసింది, ఇప్పుడు కొంచెం నయం. మంగళగిరి అక్కతో ఫోనులో మాట్లాడుతూ ఉంటుంది.

పోయిన వారం అమ్మ వచ్చింది. అటక మీద సూట్‌కేసు దించబోతే అట్టపెట్టె కింద పడింది. ఒక్కో సీసా మీద ధర చదివి వేళ్ళ మీద కూడింది. 1,800 కాదని తేలింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేను పొద్దున్న ఏం రాసుకుంటున్నానో నిలబడి చూసి, చేయి చాపి తనకూ రాయమంది.

మల్లేశ్వరం_పిన్ని · ఏప్రిల్ 24, రాత్రి 10:10

అమ్మ ఉండగానే కాఫీకి రావలసింది. సున్నిపిండి డబ్బా ఇంకా ఇక్కడే ఉంది. బావంచాలు లేనిదే.

నీలాంబరి_రాత్రిపాట · ఏప్రిల్ 24, రాత్రి 10:16

నిన్ననే వెళ్ళిపోయింది పిన్నిగారూ, నా సన్‌స్క్రీన్ ట్యూబు కూడా సంచిలో వేసుకుని. ఆదివారం కొత్తది కొనుక్కుని అటునుంచి మీ ఇంటికే వస్తాను.